పొయ్యిల కూర్మమ్మ అన్న మాట

ఒడ్డుపేటలో దీపాలు పెట్టే వేళయితే చాలు, కూర్మమ్మకి సరుగుడాకు కాలిన వాసన వస్తుంది. ఇంట్లో ఉన్నది గ్యాసు పొయ్యి. పైన స్లాబు, గోడలకి సున్నం. పొగకి ఆ ఇంట్లో పనే లేదు. అయినా వాసన వస్తుంది. మొదట్లో లేచి వంటింట్లో చూసేది, తర్వాత పెరట్లో, ఆ తర్వాత వీధిలోకి వచ్చి నాలుగువైపులా చూసేది.

"ఏటి మాడతన్నాదో సూడు మావా" అని మొగుణ్ణి అడిగేది.

గంగరాజు వల బాగుచేసుకుంటూ తలైనా ఎత్తకుండా, "నీ బుర్ర మాడతన్నాది" అనేవాడు. పాపం అతను ఎగతాళికే అన్నాడు గానీ అందులో అబద్ధం ఏమీ లేదు. రెండువేల పదమూడు వేసవి నుంచి నాలుగేళ్ళు, ఒక్క సాయంత్రం తప్పకుండా ఆవిడ బుర్ర మాడుతూనే ఉంది.

వాసన సంగతి చెప్పాలంటే ముందు పొయ్యిల సంగతి చెప్పాలి.

కూర్మమ్మ తల్లి నలభై ఐదేళ్ళకే చూపు పోగొట్టుకుంది. ఊరు ఖర్మ అంది. కూర్మమ్మ మాత్రం పొయ్యి అంది, చిన్నపిల్లప్పటి నుంచీ అదే మాట. సముద్రపొడ్డు ఊళ్ళలో పొయ్యిలోకి కర్ర కొనే తాహతు ఎవరికుంది? తోటల్లో రాలిన సరుగుడాకు ఊడ్చి తెచ్చుకోవడమే. పేరుకి ఆకే గానీ అవి సూదులు. గుప్పెడు వేస్తే భగ్గుమంటుంది, రెప్ప వేసేలోగా బూడిదవుతుంది. అందుకని కూడు ఉడికేదాకా ఆడది పొయ్యి ముందు నుంచి లేవడానికి వీల్లేదు. వేస్తూ ఉండాలి, ఊదుతూ ఉండాలి, కళ్ళు తుడుచుకుంటూ ఉండాలి. ఆ కన్నీళ్ళు పొగకో సంసారానికో ఎవరూ అడగరు.

రెండువేల పన్నెండులో ఊరికి 'ఇంటివెలుగు' సంస్థ వచ్చింది. పేదవాళ్ళ ఇళ్ళలో పొగ తగ్గించడం, పొయ్యిలోకి పోసే ఆకూ కర్రా సగానికి తగ్గించడం, తక్కువ కరెంటు తినే బల్బులు ఇప్పించడం వాళ్ళ పని. ఆఫీసు అరసవల్లిలో లాడ్జీల సందులో, మేడ మీద రెండు గదులు. సూపర్‌వైజరు గణపతిరావు గారు శ్రీకాకుళంలో కిరాణా కొట్టువారి మనిషి. నెమ్మదస్తుడు, చేతిలో ఎప్పుడూ ఒక ఫారం ఉంటుంది. ఊరికొక ఆడమనిషిని ఏరి పదిరోజులు పొయ్యి కట్టడం నేర్పించారు. ఒడ్డుపేట నుంచి ఏడో తరగతి దాకా చదివిన కూర్మమ్మ వెళ్ళింది.

వెళ్ళిన మనిషి వేరు, తిరిగొచ్చిన మనిషి వేరు. బంకమట్టి, ఊక, పేడ కలిపి కాళ్ళతో తొక్కి, రెండు కళ్ళ పొయ్యి కట్టి, వెనక నుంచి సిమెంటు గొట్టం కప్పు పైకి లేపేది. గొట్టం చివర జల్లెడలా చిల్లులున్న రేకు టోపీ బిగించేది. పొగ బయటికి పోతుంది, నిప్పురవ్వ మాత్రం టోపీ దాటదు. తొలి పొయ్యి కట్టిన ఇంట్లో ముసలామె ఒకతి పొయ్యి ముందు కూర్చుని, "ఓలమ్మ, నా కోడలి ముకం ఇప్పుడు సూస్తన్నాను" అందట. కూర్మమ్మ ఆ రోజు ఇంటికొచ్చి తల్లిని తలుచుకుని ఏడ్చింది. ఏడాది తిరక్కుండా చుట్టుపక్కల ఎనిమిది పేటల్లో ఆవిడని పొయ్యిల కూర్మమ్మ అనడం మొదలుపెట్టారు. ఆ పేరంటే ఆవిడకి ఎంత ఇష్టమో, ఎవరైనా ఉత్త కూర్మమ్మ అంటే వినపడనట్టు నటించేది.

ఇక్కడ ఊరి కట్టుబాటు ఒకటి చెప్పాలి. తాటాకు ఇళ్ళ పేట అది, చూరుకి చూరు ఆనుకుని ఉంటాయి. వేసవిగాలి మొదలైతే ఎండెక్కాక ఎవరూ పొయ్యి ముట్టించకూడదు. తెల్లారకముందే వండుకుని, పొయ్యిలో నీళ్ళు చల్లి, మళ్ళీ గాలి తగ్గాకే నిప్పు మాట ఎత్తాలి. తాతల నాడు మూడుసార్లు కాలిన ఊరు పెట్టుకున్న నియమం. దాన్ని తప్పిన ఇంటికి ఇరుగుపొరుగు నిప్పు ఇవ్వరు, ఆ ఇంటి నిప్పు పుచ్చుకోరు.

కూర్మమ్మ రామమందిరం అరుగు దగ్గరికెళ్ళి కులపెద్ద జగన్నాధం ముందు నిలబడింది. "నా పొయ్యిలో నిప్పు లోపలే ఉంటాది పెద్దనాన్నా. పైన టోపీ ఉంటాది. ఏ ఏళప్పుడు ముట్టించినా ఏటీ కాదు" అంది. ఆయన నాలుగు పొయ్యిలు స్వయంగా చూసి, కప్పెక్కి టోపీలు తడిమి, సరేనన్నాడు. కూర్మమ్మ పొయ్యి ఉన్న ఇంటికి కట్టుబాటు సడలింది. ఎండవేళ వేడిగంజి తాగే భాగ్యం ఒడ్డుపేటకి అప్పుడే వచ్చింది. అది ఆవిడ మాట మీద వచ్చిన భాగ్యం.

రెండువేల పదమూడు మే నెల. సముద్రంలో చేపలవేట ఆపే రోజులు, మగాళ్ళందరూ ఒడ్డునే ఉన్నారు. ఆ నెల ఇరవై పొయ్యిలు కట్టాలని లెక్క. ఇరవయ్యోది తవిటమ్మ ఇంట్లో. తవిటమ్మ కూర్మమ్మకి వరసకి అప్ప, అంటే అక్క, నడుం పడిపోయి చూరు కింద మంచం మీదే ఉండే మనిషి. ఆమె కొడుకు వినోద్, కోడలు హేమ. హేమకి పెళ్ళయి మూడేళ్ళు. అత్తకి నీళ్ళు పోసి, తల దువ్వి, నవ్వించి అన్నం పెట్టే పిల్ల. అత్త లేని కోడలుత్తమురాలు అంటారు గానీ ఆ ఇంట్లో అత్త ఉండగానే కోడలు ఉత్తమురాలు అని తవిటమ్మే వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

పొయ్యి మట్టి ఆరింది, గొట్టం లేచింది, టోపీ మాత్రం లేదు. ఆఫీసు నుంచి పంతొమ్మిదే పంపారు. సరిగ్గా అప్పుడే గణపతిరావు గారు కెమెరాతో దిగారు. మండుతున్న పొయ్యి ఫోటో ఫారానికి అంటిస్తేనే పొయ్యి కట్టినట్టు.

"ఒక్క టోపీ కోసం నెల లెక్క ఆగిపోతుంది కూర్మమ్మా" అన్నారాయన.

తవిటమ్మని మంచంతో సహా పొయ్యి దగ్గరికి చేర్చారు. కూర్మమ్మ పక్కనే గొంతుక్కూర్చుని తన చేత్తో అగ్గిపుల్ల గీసి ముట్టించింది. ఫోటోలో తవిటమ్మ బోసినోటితో నవ్వుతోంది. కూర్మమ్మ వేళ్ళ మధ్య పుల్ల వెలుగుతోంది. ఫోటో మూలన తేదీ నారింజరంగు అంకెల్లో పడింది.

ఆయన వెళ్ళాక హేమ పైకి చూస్తూ అడిగింది. "సిన్నత్తా, టోపీ లేదు కదా, ఇంక ముట్టించుకోవచ్చా? టోపీ వచ్చినదాకా ఆగమంతావా?"

"ముట్టించుకోయే, ఏటీ కాదు. టోపీ రేపు తెస్తాను."

"కూర్మమ్మ సెప్పినాక ఇంకేటి" అంది మంచం మీంచి తవిటమ్మ.

ఆ మాట అన్నప్పుడు అక్కడున్నది వాళ్ళు ముగ్గురే.

మర్నాడు కూర్మమ్మ అరసవల్లి వెళ్ళి టోపీ తెచ్చింది. బస్సు దిగి ఇసకదారిన వస్తుండగా తోటల మీంచి నల్లటి పొగ కనిపించింది. పరిగెత్తింది. అప్పటికే పదకొండు ఇళ్ళు అంటుకున్నాయి. హేమ అత్తకి గంజి కాచి ఇచ్చి, బోరింగు దగ్గరికి నీళ్ళకి వెళ్ళిందట. పొయ్యిలో మిగిలిన సరుగుడాకు మండుతూ గొట్టంలోంచి ఎగిరి చూరు మీద పడింది. పక్క ఇళ్ళ మగాళ్ళు లోపలికి దూకి ఈడ్చేసరికి తవిటమ్మ ప్రాణం పోయింది. హేమ నడివీధిలో బిందె మీద పడి నెత్తిన మట్టి పోసుకుంటోంది. కూర్మమ్మ టోపీని చెంగు కింద దాచుకుని అక్కడే నిలబడింది. అందరూ ఇసక, నీళ్ళు మోస్తుంటే ఆవిడ రెండు చేతులూ ఆ రేకుని పట్టుకునే ఉన్నాయి. ఆ సాయంత్రమే దాన్ని సరుగుడుతోటలో లోతుగా పూడ్చేసింది.

మూడోరోజు గణపతిరావు గారు జీపులో వచ్చారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు, ఆయన చేతిలో మళ్ళీ ఒక ఫారం ఉంది. పెద్దల ముందుకి వెళ్ళకముందు ఆవిణ్ణి జీపు పక్కకి పిలిచారు.

"పొయ్యిదే తప్పని తేలితే జిల్లా మొత్తం ఆపేస్తారు కూర్మమ్మా. నలభైమంది ఆడవాళ్ళ పని పోతుంది. టోపీ పెట్టేదాకా ముట్టించొద్దని చెప్పావు కదా?"

ఆయన అడిగిన తీరులోనే జవాబు ఉంది. కూర్మమ్మ దాన్ని అందుకుంది.

"సెప్పాను బాబూ."

అరుగు దగ్గర జగన్నాధం అదే అడిగాడు. అదే చెప్పింది, ఈసారి కొంచెం గట్టిగా. ఇళ్ళు కాలినవాళ్ళందరూ హేమ వైపు తిరిగారు. హేమ నోరు తెరిచి కూర్మమ్మ ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. దారి తప్పినవాళ్ళు ఎదురొచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. కూర్మమ్మ తలకాయ వంచుకుంది. "ముట్టించొద్దంటే ముట్టించినావా?" అని వినోద్ పెళ్ళాం జుట్టు పట్టుకున్నాడు. ఊరు తీర్పు చెప్పింది. ఇల్లు తగలేసిన చేత్తో ఆ పిల్ల ఇంక ఏ పొయ్యీ ముట్టించరాదు. వారం తిరక్కుండా హేమ కోనాడ దగ్గర పుట్టింటికి చేరింది. ఆ మాట ఆమె కంటే ముందే అక్కడికి చేరింది.

కూర్మమ్మకి ఏమీ కాలేదు. తర్వాత నెల మళ్ళీ ఇరవై పొయ్యిలు కట్టింది. కట్టిన ప్రతి పొయ్యికీ టోపీ తనే ఎక్కి బిగించి, దిగి, మళ్ళీ ఎక్కి చూసుకునేది. చూసినవాళ్ళు ఎంత జాగ్రత్త మనిషో అని మెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం కప్పు మీద కూర్చున్న ప్రతిసారీ కింద మంచం మీంచి ఎవరో "కూర్మమ్మ సెప్పినాక ఇంకేటి" అన్నట్టు వినేది. సాయంత్రం వాసన అప్పుడే మొదలైంది.

డిసెంబరులో ఇంటివెలుగు వాళ్ళ కొత్త సంవత్సరం కేలండర్లు వచ్చాయి. ఇంటికొకటి. బొమ్మ ఎంచినవాళ్ళు ఎక్కడో పట్నంలో వాళ్ళు. ఫోటోల్లో ఉన్నవాళ్ళు ఎవరో, ఎవరు ఉన్నారో ఎవరు పోయారో వాళ్ళకేం తెలుసు? అందంగా నవ్వుతున్న ముసలామెని ఏరుకున్నారు. పక్కన అగ్గిపుల్లతో కూర్మమ్మ. కట్ట విప్పిన కూర్మమ్మ దాన్ని గబగబా మళ్ళీ కట్టేసింది. పంచకుండా దాచేద్దామనుకుంది గానీ అప్పటికే పిల్లలు పట్టుకుపోయారు. ఊళ్ళో ప్రతి గోడ మీదా తవిటమ్మ ఎక్కి కూర్చుంది. ఏ గడప తొక్కినా ఆమె నవ్వు ఎదురొచ్చేది, మూలన ఆ నారింజరంగు అంకెలతో. అగ్గి లేచింది మే పదమూడున అని ఊళ్ళో పిల్లలక్కూడా తెలుసు. బొమ్మ మీద పన్నెండు అని ఉంది. ముందురోజే, టోపీ లేని పొయ్యిని, ముట్టించొద్దన్న మనిషే ముట్టిస్తోంది. సాక్ష్యం గోడగోడకీ వేలాడుతోంటే ఎవరూ అంకె చదవలేదు. చదువుతారేమోనని ఏడాది పొడుగునా కూర్మమ్మ గుండె చేత్తో పట్టుకుని తిరిగింది.

తల్లికి వేరే ఫోటో లేక వినోద్ ఆ బొమ్మనే కత్తిరించి పటం కట్టించాడు. పటం చిన్నది. తవిటమ్మకి వేసిన దండ పక్కనున్న కూర్మమ్మ మెడ మీదుగా కూడా పడింది. "బతికున్నదానికి దండేటే" అని ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. కూర్మమ్మ తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

గంగరాజు బలవంతం మీద పూనకం వచ్చే చిన్నతల్లి దగ్గరికి వెళ్ళింది. చిన్నతల్లి ఊగి ఊగి, "ఒక ముసల్ది నీ యెనకే తిరగతన్నాది. ఏదో మాట మిగిలిపోనాది" అంది. కూర్మమ్మ అక్కడ నిలవకుండా లేచింది. ఇంటికొచ్చి కోడిని కోయించి, తవిటమ్మ పేర చీర పెట్టింది. మాట అడిగితే చీర పెట్టడం మనుషుల తెలివి. ఆ సాయంత్రం కూడా వాసన వచ్చింది.

అలా నాలుగేళ్ళు గడిచాయి. ఇళ్ళకి గ్యాసు వచ్చింది, కాలిన చోట స్లాబులు లేచాయి. గణపతిరావు గారు వేరే ఊరు వెళ్ళిపోయారు. మట్టిపొయ్యిల అవసరం తీరి ఇంటివెలుగు వాళ్ళు బల్బుల పనిలో పడ్డారు. పాత బల్బులు మార్చుకుంటే ఎంత కరెంటు మిగులుతుందో ఆడవాళ్ళకి చెప్పడానికి కూర్మమ్మని ఊళ్ళ మీదికి పంపేవారు. అలా రెండువేల పదిహేడు మే నెలలో చీపురుపల్లి వెళ్ళింది.

పని ముగించుకుని బజారులోంచి నడుస్తుంటే వెనకనుంచి పిలుపు వినిపించింది. "సిన్నత్తా!"

హేమ. రెండు గంపల ఎండుచేపలు ముందు పెట్టుకుని గోనెపట్టా నీడలో కూర్చుంది. ముప్పై నిండని మనిషికి చెంపల దగ్గర తెలుపు. తినడానికి విప్పుకున్న గిన్నెలో చద్దన్నం ఉంది. కూర్మమ్మ చూపు గిన్నె మీద పడటం చూసి నవ్వింది.

"ఒదిన పెడతాది సిన్నత్తా. ఆళ్ళింట్లో నన్ను పొయ్యి కాడికి రానియ్యరు కదా. ఆకలైతే తనకి తీరికైనదాకా సూడాల. నాకు అలవాటైపోనాది. మీ అప్ప కొడుకు బాగున్నాడా? సేపలు పట్టుకెల్లు, నెత్తళ్ళు బాగున్నాయి."

పొట్లం కట్టి చేతిలో పెట్టింది. హేమ గొంతు తగ్గించింది.

"ఒక మాట నిన్ను అడగాలని శానా దినాలై అనుకుంతన్నాను. ఆ దినం నువ్వు ముట్టించొద్దన్నావు కదా. నాకు మటుకు ముట్టించుకో అన్నట్టే ఇనిపించింది సిన్నత్తా. ఎన్నిసార్లు తలుసుకున్నా అలాగే ఇనిపిస్తాది. నా సెవులే పాడైనాయో, బుర్రే పాడైనాదో తెల్దు. నీ మాట సరిగ్గా ఇనుంటే అత్త బతికుండును. నా మీద కోపం ఎట్టుకోకు."

కూర్మమ్మ నోరు తెరిచింది. ఏం చెప్పాలో ఆవిడకి తెలుసు. నాలుగేళ్ళుగా నోట్లోనే ఉంది ఆ మాట.

"బస్సుకి ఏళైపోతన్నాదే" అంది, పొట్లం పట్టుకుని గబగబా నడిచేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో దీపం పెట్టింది. వాసన రాలేదు. వస్తుందని కూర్చుంది, ముక్కుతో గాలి పీల్చి మరీ చూసింది, రాలేదు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆవిడకి నిజంగా భయమేసింది. ఇన్నాళ్ళూ వెనకబడి తిరుగుతున్నది తవిటమ్మ అనుకుంది. చచ్చినామె అడుగుతోందని కోడిని కోయించింది. అడుగుతున్నది బతికున్న మనిషి, అదీ క్షమించమని. తను చెప్పిన ఒక్క అబద్ధం ఒక పిల్ల చెవులనే అబద్ధం చేసింది. తన చెవులని తానే నమ్మని మనిషి ఇంక దేన్ని నమ్ముతుంది? కూర్మమ్మ కటికనేల మీద కూర్చుని బుర్ర బాదుకుని ఏడ్చింది. గంగరాజు వల వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. మొదటిసారి అతనికి మొత్తం చెప్పింది.

అతను అంతా విని పక్కనే నేల మీద కూర్చున్నాడు. చివరికి, "పదకొండు ఇళ్ళోళ్ళు. ఊరు నిన్ను బతకనిస్తాదేటే?" అన్నాడు.

"బతుకుతన్నానా మావా ఇప్పుడు?"

తెల్లారి వినోద్ ఇంటికెళ్ళింది. అతను పళ్ళు తోముకుంటున్నాడు. గోడ మీది పటం దించి, దండ తీసి, అతని చేతిలో పెట్టింది.

"ఆ మూల అంకెలు సదువు నాయనా."

"ఎందుకు సిన్నమ్మా?"

"సదువు."

చదివాడు. మళ్ళీ చదివాడు. బొమ్మలో కూర్మమ్మ వేళ్ళ మధ్య పుల్లని చూశాడు. ఆవిడ రెక్క పట్టుకుని అరుగు దగ్గరికి లాక్కెళ్ళాడు. జగన్నాధం ముసలివాడైపోయాడు, అయినా అరుగు మీద ఆయన చోటు ఆయనదే. నలుగురూ పోగయ్యాక కూర్మమ్మ చెప్పింది. టోపీ లేదని హేమ అడిగిందనీ, ముట్టించుకో అన్నది తనేననీ, మర్నాడు చెంగు కింద టోపీతోనే మంట ముందు నిలబడ్డాననీ, తోటలో పూడ్చాననీ, ఒక్కటీ దాచుకోకుండా చెప్పింది. ఎవరో ఆడమనిషి "నీ నోట్లో మన్నడ" అని ఇసక ఎత్తి కొట్టింది. కూర్మమ్మ తుడుచుకోలేదు. ఇద్దరు కుర్రాళ్ళు తోటలోకి వెళ్ళి తవ్వుకొచ్చారు. తుప్పు పట్టిన రేకు, చిల్లులన్నీ మట్టితో నిండి, అరుగు మీద పడింది.

జగన్నాధం దాన్ని కర్రతో కదిపాడు. "పొయ్యి ముట్టించినోళ్ళు నిన్ను అడిగే ముట్టించినారు. నాను నీ మాట మీద ఊరి కట్టు ఇప్పినాను. ఆ హేమ గుంటకి ఇంక ఏ కట్టూ లేదు. నీ ఇంటికి నిప్పు లేదు" అన్నాడు. గ్యాసు రోజుల్లో నిప్పు ఇవ్వకపోతే ఎవరికీ అన్నం మానదు. కానీ ఆ మాట అంటే ఎవరూ గడప తొక్కరని, ఎదురొస్తే తప్పుకుని పోతారని అక్కడివాళ్ళందరికీ తెలుసు. కూర్మమ్మ ఆ శిక్షని తలవంచి పుచ్చుకుంది.

వినోద్ పటం పగలగొట్టి ఫోటో బయటికి తీశాడు. నిలువునా రెండుగా చింపాడు. తల్లి ఉన్న ముక్క తన జేబులో పెట్టుకుని, రెండోది కూర్మమ్మకి ఇచ్చాడు. అగ్గిపుల్ల, అంకెలు ఆ ముక్కలోనే ఉన్నాయి.

"ఇది దానికి నువ్వే సూపించు."

"నువ్వు రావా నాయనా?"

"ఏ ముకం ఎట్టుకుని వస్తాను? నీ మాట నమ్మి దాన్ని కొట్టినాను. దాన్ని ఒక్కపాలైనా అడగనేదు."

మర్నాడు పొద్దెక్కేసరికి కూర్మమ్మ కోనాడ దగ్గర ఆ పేటకి చేరింది. హేమ అన్నగారి ఇంటి వెనక పాకలో చేపలు ఏరుతోంది. ఎందుకొచ్చావని అడగలేదు, పీట వేసింది. కూర్మమ్మ పీట మీద కూర్చోలేదు. నేల మీద కూర్చుని ఫోటో ముక్క ఆమె ముందు పెట్టి, అరుగు మీద చెప్పిందంతా మళ్ళీ చెప్పింది.

హేమ ఏరడం ఆపలేదు. మంచివి ఒక పక్కకి, ముక్కలైనవి ఒక పక్కకి. చాలాసేపటికి చేతులు ఆగాయి.

"ఐతే నాకు ఇనిపించింది నిజమే" అంది.

"నిజమే తల్లీ."

"నా సెవులు బాగానే ఉన్నాయి."

"బాగానే ఉన్నాయే. నాదే పాపం."

తిడుతుందని, కొడుతుందని, కాళ్ళు పట్టుకుందామని కూర్మమ్మ చూసింది. హేమ లేచింది. పాక మూల మూడు రాళ్ళ పొయ్యి ఉంది, చేపల ఉడుకునీళ్ళకి వదిన వాడేది. పక్కన గోనెలో సరుగుడాకు. హేమ గుప్పెడు తీసి రాళ్ళ మధ్య పోసింది. చూరులో దోపిన అగ్గిపెట్టె తీసింది. పుల్ల చేతిలోకి తీసుకుంది గానీ గీయలేకపోయింది. నాలుగేళ్ళ కిందటి తీర్పు ఆ వేళ్ళని ఇంకా పట్టుకునే ఉంది.

వెనక్కి తిరక్కుండా అంది, "సిన్నత్తా. ఆ దినం ఎలాగన్నావో అలాగ అను."

కూర్మమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

"అను సిన్నత్తా. నాను ఇనాల."

"ముట్టించుకోయే" అంది కూర్మమ్మ. "ఏటీ కాదు. టోపీ రేపు తెస్తాను."

"ఇంకోపాలి."

"ముట్టించుకోయే. ఏటీ కాదు. టోపీ రేపు తెస్తాను."

"ఇంకోపాలి."

ఎన్నిసార్లు అనిపించిందో కూర్మమ్మ లెక్కపెట్టలేదు. అంటున్నకొద్దీ ఆ మాట ఎంత తేలిగ్గా అన్నదో, ఎంత బరువు మోయించిందో ఆవిడకి ఒంట్లో తెలిసొచ్చింది. చివరికి మాటలు పోయి ఏడుపే మిగిలింది. అప్పుడు హేమ పుల్ల గీసింది. సరుగుడాకు భగ్గున లేచి పాకంతా పొగ కమ్మింది. కూర్మమ్మ కళ్ళు మండాయి, లేవలేదు. హేమ ఒక గుప్పెడు, మళ్ళీ ఒక గుప్పెడు వేస్తూ పొయ్యి ముందే కూర్చుంది. కాసేపటికి గిన్నెలో నీళ్ళు పోసి పైన పెట్టింది.

"గంజి కాస్తాను. తాగి ఎల్లు" అంది.